మంగమ్మ ఆవు ఆకలి

నిన్న మా అమ్మాయి గోళ్లరంగు తుడుచుకునే మందు సీసా మూత తీసింది. ఆ వాసన తగలగానే నాకు ఎక్కడలేని హుషారు వచ్చి, "ఈనిన ఆవు!" అని అరిచాను. అది నన్ను ఎగాదిగా చూసింది. ఆ వాసన పట్టడం నాకు నేర్పిన రాజ్యం మేడమ్‌ను అది ఎరగదు కదా!

తొంభైల చివర్లో, మద్రాసులో నేను పశువైద్యం చదువుతున్నప్పుడు ఆవిడ మాకు పాఠాలు చెప్పేవారు. నెల్లూరు మాట, పేడంటిన చెప్పులు, ఎప్పుడూ పరుగే. ఒకసారి పురసవాక్కం సందులో పాలమ్ముకునే మంగమ్మ దగ్గరికి నన్ను ఒక్కదాన్నే పంపారు. ఈని పది రోజులైన ఆవు మేత ముట్టడం లేదు. ఆమెకున్నది ఆ ఒక్క ఆవే. జ్వరం లేదు కాబట్టి అజీర్తి అని తేల్చేసి, ఏదో పొడి ఇచ్చి, పెద్ద డాక్టరులా తిరిగొచ్చాను. రెండు రోజులకు ఆవు తూలిపోతోందని కబురు వచ్చింది. మేడమ్‌తో వెళ్లేసరికి, దాన్ని కోతకు తోలుకుపోయే బేరగాడు గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు.

"దాని నోటికాడ ముక్కు పెట్టినావా?" అన్నారు మేడమ్.

"లేదు మేడమ్."

"పెట్టు."

వంగాను. గుప్పుమంది, అచ్చం గోళ్లరంగు తుడిచే మందు వాసన.

"కొవ్వు కరిగే వాసన అది. మేత మానేసి తన ఒళ్లు తానే తింటా ఉంది. చూడితో ఉన్నప్పుడు ఏం పెట్టినావు మంగమ్మా?"

"పురిటికొచ్చిన కూతురికి పెట్టినట్టు పెట్టినా డాక్టరమ్మా. కల్యాణ మండపం కాడ మిగిలిన అన్నం, పాయసం, రొంబ ప్రియంగా, శానా ముద్దుగా!"

"అదే కొంప ముంచింది. ఈనేముందు ఒళ్లు చేసిన ఆవుకి ఈనినాక ఆకలి చస్తాది."

"ఎందుకట్ట?"

అంతే, ఆవుకి గ్లూకోజు ఎక్కిస్తూ, సీసా పైకెత్తి పట్టుకునే మేడమ్ పాఠం మొదలుపెట్టారు. "గంజాయి మాదిరి పనిచేసే సరుకు ఒంట్లోనే పుడతాదని ఈ మధ్యనే కనుక్కున్నారు. ఆకలి పుట్టించేదీ, కొవ్వు దాచేదీ అదేనేమోనని అనుమానం. మరి ఈనిన ఆవులో అదేం చేస్తా ఉందో? నాకు తెలీదు మంగమ్మా! ఎవురికీ తెలీదు!" ఆవిడ మొహం వెలిగిపోయింది.

"మా ఆవుకి గంజాయా?" మంగమ్మ ముక్కున వేలేసుకుంది.

"తప్పు నాదే మేడమ్," అన్నాను మెల్లగా.

"నీదే. ఈ సీసా పట్టుకో, నా చెయ్యి లాగేస్తా ఉంది."

మూడు రోజులు ఎక్కించాం. నాలుగో రోజు పొద్దున ఆవు మెడ చాచి మంగమ్మ కొంగు నమలసాగింది. ఆమె కొంగు లాక్కోలేదు. "తినమ్మా, తిను," అంటూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ రోజూ వచ్చి గుమ్మంలో కూర్చున్న బేరగాడు లేచి వెళ్లిపోయాడు.

ఒంట్లో పుట్టే ఆ గంజాయిలాంటి పదార్థాలు ఈనిన ఆవుల కొవ్వులో, కాలేయంలో ఏం చేస్తాయో ఇప్పుడు వ్యాసాలు వస్తున్నాయి. ఆత్రంగా చదువుతాను. పూర్తి జవాబు ఇంకా దొరకలేదు. ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను; నా విద్యార్థులు అడిగితే "తెలియదు" అని ఆవిడంత సంబరంగానే చెబుతాను. కానీ అంతకంటే ముందు, ఒక్కొక్కరినీ ఆవు ముందు వంచి, నోటి దగ్గర ముక్కు పెట్టిస్తాను.