తూకం గుండు పెట్టి తవ్విన బావి

అది మంగళవారం, పొద్దున పదకొండూ పది. నిమిషాలతో సహా ఎలా గుర్తుందంటే, ఆ రోజుల్లో నాకు అక్షరం ముక్క రాదు గానీ చేతికి కొత్త గడియారం ఉండేది. పనివాళ్లకు కనబడాలని గంటకు పదిసార్లు చూసుకునేవాడిని. (చదువు లేనివాడికి దర్జా ఎక్కువ. నా సంగతే చెబుతున్నాను, ఎవరూ కోపం తెచ్చుకోవద్దు.)

కోస్తా నుంచి వచ్చి బోధన్ దగ్గర స్థిరపడిన ఒక రైతు, తన చెరకు తోటలో బావి తవ్వించడానికి నన్ను మేస్త్రీగా పెట్టుకున్నాడు. అప్పటిదాకా నిజామాబాద్‌లో ఇళ్ల గోడలు కట్టినవాడిని, మట్టి సంగతి నాకేం తెలుసు? బావి ఒడ్డుకు కూడా తూకం గుండు వేలాడదీసి, గోడలాగా నిలువుగా కోయించాను. తవ్విన నల్లమట్టిని దూరం మోయడం ఎందుకని ఒడ్డు మీదే కుప్ప పోయించాను. ఆ కుప్పకు ఆనించి నా కొత్త సైకిల్.

తట్టలు మోసే ముసలామెను అందరూ పేడవ్వ అనేవాళ్లు. ఒడ్డు మీద నెర్రె కనబడితే చాలు, దాని మీద అడ్డంగా ఇంత పేడ మెత్తేది. అది ఆరకముందే చీలిందంటే కింద నేల కదులుతున్నట్టు లెక్క. ఆ రోజు రెండుసార్లు మెత్తింది. రెండుసార్లూ చీలింది.

"కొడుకా, ఒడ్డు జరుగుతున్నది. కుప్ప తీపియ్యి, ఒడ్డు ఏటవాలుగ కొట్టిపియ్యి. ముందుగాల లోపటోళ్లను పైకి పిలువు."

"గుండు పెట్టి కోయిపిచ్చిన ఒడ్డవ్వా ఇది. ఎంట్రుకంత వంకర గూడ లేదు."

"వంకర గాదు బిడ్డా, బరువు. నీ గుండుకు మన్ను బరువు తెలుస్తదా?"

బావిలో తవ్వుతున్న అన్నదమ్ములిద్దరూ, వాళ్లతో పాటే తవ్వుతున్న పెద్దోడి భార్యా కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. పైగా రైతు పని చూడటానికి వచ్చే వేళ. మూడోసారి ఆమె పేడ తెస్తుంటే ఆ తట్టను కాలితో తన్నాను. నెర్రెలో మట్టి కూరి, తాపీతో నున్నగా మెత్తి, "నీకింక ఈడ పని లేదు, పో" అన్నాను.

పేడవ్వ బావిలోకి వంగి, "పైకి రాండ్రి! నన్ను ఎల్లగొట్టిండు, మీకేం పని ఈడ?" అని కేకేసింది. ఆ అన్నదమ్ములకు ఆమె మేనత్త. వాళ్లిద్దరూ, పెద్దోడి భార్యా గడ్డపారలు పడేసి ఎక్కి వచ్చేశారు.

వాళ్లు పొలం గట్టు కూడా దాటలేదు, సరిగ్గా పదకొండూ పదికి ఒడ్డు జారింది. పెద్ద చప్పుడేం కాలేదు. కుప్పతో పాటు నా సైకిల్ కూడా లోపలికి దిగిపోయింది. నీళ్లలో కూర్చున్న బర్రె కొమ్ముల్లాగా హ్యాండిల్ ఒక్కటే పైకి కనబడింది.

రైతు ఆయాసపడుతూ వచ్చాడు. "ఏవయ్యా మేస్త్రీ, మనుషులేరీ?"

"నెర్రె జూసి నేనే పైకి పంపిన సార్."

"బుర్రున్నోడివయ్యా!" అని నా భుజం తట్టి పోయాడు.

గట్టు మీద పేడవ్వ అంతా విన్నది. ఆయన దూరం పోయేదాకా ఆగి, హ్యాండిల్ వైపు చూసి, "సైకిల్‌ను పంప మరిసినవా కొడుకా?" అంది.

మళ్లీ పని మొదలుపెట్టినప్పుడు ఒడ్డు ఏటవాలుగానే కొట్టించాను. ఆమెను పిలిచి తప్పయిందని చెప్పాలనుకుంటూనే ఉన్నాను. చెప్పలేదు. ఆమె పోయిన చాలా ఏళ్లకు, మనవరాలి పలక మీద నేను అక్షరాలు దిద్దుకున్నాను. చేతికి రాత వచ్చింది గనుక ఇప్పుడు రాసి పెడుతున్నాను. ఆ రోజు అక్కడున్నవాళ్లు: పెద్దోడు, పెద్దోడి భార్య, చిన్నోడు, చివర్లో వచ్చిన రైతు, గడియారం చూసుకుంటూ నేను, నేలను చూస్తూ పేడవ్వ.