కింద పడ్డ పైస

నా పెనిమిటి మంచిర్యాలలో ఆటో నడిపేవాడు. పొద్దుగూకినాక ఇంటికి రాగానే ఖాకీ చొక్కా జేబులోని చిల్లరంతా చాప మీద గుమ్మరించేవాడు. దాన్ని ఏరి పెట్టడం మా బిడ్డ పని. అప్పటికి దానికి ఆరేళ్లు. గ్యాసుకు ఒక కుప్ప, ఆటో కిస్తీకి ఒక కుప్ప, ఇంటికి ఒక కుప్ప. ఇంటి కుప్ప ఎప్పుడూ చిన్నదే. అది చూస్తే నాకు ఒళ్లు మండేది.

"పొద్దంత ఎండల తిరిగితే గీ చారెడు పైసలేనా?" అని లేచేదాన్ని. నా నోరు మంచిది కాదు, మా గల్లీ అంతా ఎరుగుదురు.

"నువ్వు మొత్తుకుంటె పెరుగుతయా? జర బువ్వ వెట్టు," అని నవ్వేవాడు.

ఆదివారం పొద్దున బిడ్డతో ఆటో అద్దం తుడిపించి అయిదు రూపాయల బిళ్ల ఇచ్చేవాడు. అద్దం మీద మరక కనిపిస్తే మాత్రం ఇచ్చేవాడు కాదు. ఒకసారి అది ఏడ్చుకుంటూ వస్తే నేను పోయి కొట్లాడాను. "సిగ్గులేదా నీకు? కన్నబిడ్డతోని కూలి చేయించుకుంట, ఆ కూలి గూడ ఎగ్గొడ్తవా?"

"ఉత్తగ ఇస్తే పైస విలువ ఎట్ల ఎర్కైతదే? మల్ల తుడువుమను, ఇస్త."

అది ముక్కు చీదుకుంటూ పోయి మళ్లీ తుడిచింది. ఆ బిళ్లను మట్టి గల్లగురిగిలో వేసి, కాసేపు దాన్ని ఊపుతూ చెవి దగ్గర పెట్టుకుని కూర్చుంది.

ఆయనకు ఇంకో పిచ్చి. దారిలో రూపాయి బిళ్ల కనిపిస్తే చాలు, వెనక సవారీ ఉన్నా ఆటో ఆపి దిగేవాడు. బిడ్డకూ అదే నేర్పాడు. "కిందవడ్డ పైస ఎవలిదో చెమట, బిడ్డా. తొక్కద్దు. తియ్యి. ఎవలిదో అడిగి వాళ్లకే ఇయ్యి."

"ఎవ్వలు తీసుకోకుంటె?"

"మీ అవ్వకియ్యి. ఆమె చేతిలవడ్డ పైసను యముడు వచ్చి అడిగినా ఇయ్యది."

తండ్రీ బిడ్డా నన్ను చూసి పడీ పడీ నవ్వారు. నేను గంటె చూపించాను. అయినా అది నిజంగానే చేసింది. ఒకనాడు చాయ్ హోటల్ ముందు రూపాయి దొరికితే, బెంచీల మీద కూర్చున్న ప్రతి మనిషినీ "గిది నీదా?" అని అడిగి, చివరికి తెచ్చి నా చేతిలో పెట్టింది.

మొన్న ఎండకాలం ఆటో స్టాండులోనే ఛాతి పట్టుకుని కూలబడ్డాడు. తోటి డ్రైవర్లు ఆయన ఆటోలోనే దవాఖానకు తీసుకుపోయారు. లాభం లేకపోయింది.

మరునాడు పాడె లేచింది. మా మరిది నిప్పుకుండ పట్టుకుని ముందు నడుస్తుంటే, వెనక నుంచి ఎవరో పేలాల్లో చిల్లర పైసలు కలిపి పాడె మీదుగా చల్లుతున్నారు. మా దిక్కు చావుకు అట్లా చల్లుతారు. ఆ పైసలు ఇంట్లోకి తేవద్దంటారు. ఆడవాళ్లం గల్లీ చివర ఆగిపోయాం. బిడ్డను మాత్రం మా తమ్ముడు చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. సగం దారిలో పాడె దించి, పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పిలుస్తారు. దింపుడు కల్లం అంటారు. ప్రాణం ఏ మూలనన్నా ఉంటే పలుకుతారని ఆశ. బిడ్డ పిలిస్తే పలుకుతాడేమోనని నాకూ ఉండింది. పిచ్చిదాన్ననుకోండి, ఉండింది.

కాసేపటికి తమ్ముడు దాన్ని తెచ్చి నా దగ్గర వదిలి, మళ్లీ శ్మశానం దిక్కు పోయాడు. బిడ్డ మోకాళ్లకు దుమ్ము. కుడి పిడికిలి గట్టిగా మూసి ఉంది. వేళ్ల సందుల్లోంచి చిల్లర కనిపించి మా ఆడబిడ్డ కేక పెట్టింది.

"అవ్వో! పాడె మీద చల్లిన పైసలు ఏరుకచ్చింది పోరి! పారెయ్యే, ఇంటికి కీడు!"

బిడ్డ ఆమె వైపు చూడనే లేదు. నన్నే చూసింది.

"అందరు తొక్కుతుండ్రు అవ్వా. నేను తీసిన. ఎవలియి అని మామను అడిగితే మీ బాపువే అన్నడు. బాపును పిలువుమన్నరు గదా, పిలిచి చేతిల వెట్టిన. పట్టుకుంటలేడు. మల్ల వెట్టినా కిందవడుతున్నయి."

నేను దాని ముందు కూర్చుని మోకాళ్ల దుమ్ము దులిపాను.

"ఎవ్వలు తీసుకోకుంటె నీకియ్యమన్నడు గదా," అని పిడికిలి నా ముందుకు చాపింది.

ఆడబిడ్డ నా భుజం పట్టి గుంజింది. "వద్దు వదినె, నీకు దండం వెడ్త. ముట్టకు. పారెయ్యి."

నేను దోసిలి పట్టాను. బిళ్లలన్నీ బిడ్డ చేతి చెమటకు తడిసి ఉన్నాయి. రెండు పేలాలు కూడా అంటుకుని వచ్చాయి. వాటితో సహా కొంగున ముడేసుకున్నాను.

"పారెయ్య," అన్నాను. "యముడు వచ్చి అడిగినా ఇయ్య."