పురుగు తల ఏదో చూడకుండా రాసిన జవాబు

నేను బహదూర్‌పురా వెళ్లింది వింతలు చూడటానికి కాదు, నా తెలివితేటల ఫలితం చూసుకుని మురిసిపోవడానికి. మా బావ మల్లయ్య అక్కడ మూసీ ఒడ్డున గడ్డి పెంచి, ఆరు బర్రెలను సాకుతూ పాలు అమ్మేవాడు. ఆ వానాకాలం గడ్డి పసుపుబారి, వేళ్ల దగ్గర పురుగులు కనబడ్డాయట. "కాళ్లు లేవు, బూడిద రంగు, తోలు మందం, మొఖం మీద రెండు నల్ల కండ్లు, సుట్టూ కొమ్ములు" అని ఎవరిచేతో ఉత్తరం రాయించాడు. జనగామ బడిలో ప్రకృతి పాఠాలు చెప్పేవాణ్ని కదా, పురుగు మొహం చూడకుండానే జవాబు రాసి పారేశాను. ఇది వేళ్లు కొరికే పురుగు, గడ్డంతా వేళ్లతో సహా చెక్కేసి సున్నం చల్లు అన్నాను. నెల తిరక్కుండా కార్డు వచ్చింది. "నువ్వు చెప్పినట్టే చేసినం. ఒకసారి అచ్చి సూడు."

తెల్లవారి అయిదింటికి రైలెక్కాను. యుద్ధం రోజులు, పెట్టె నిండా సిపాయిలు, వాళ్ల సామాన్లు. ఘట్‌కేసర్ దాకా నిలబడే ఉన్నాను. పక్కనున్న ముసలాయనకు జాలి కలిగింది. "నా మూట మీద కూసో పంతులూ, పగిలేటియి ఏం లెవ్వు" అన్నాడు.

పదిన్నరకు నాంపల్లిలో దిగాను. ఈ దారిన వెళ్లేవాళ్లు స్టేషను బయటే చాయ తాగి జట్కా మాట్లాడుకోవడం మేలు. నేను జట్కాలో వెళ్లి పత్తర్‌గట్టిలో దిగి కళ్లద్దాల దుకాణంలో ఒక భూతద్దం కొన్నాను. "ఇస్‌సే క్యా దేఖ్‌తే సాబ్?" అని అడిగాడు దుకాణదారు. పురుగుల్ని అన్నాను గొప్పగా. చార్మినార్ దాటి, పాతబస్తీ గురించి రాయాల్సినవి మనసులో పేర్చుకుంటూ హుస్సేనీ ఆలం మీదుగా నడిచి పన్నెండున్నరకు అక్క ఇల్లు చేరాను.

కొట్టంలో రెండే బర్రెలున్నాయి. మిగతావేవని అడిగాను.

"అమ్మినం తమ్మీ. గడ్డి లేకపాయె, ఏం పెట్టి సాకాలె? మళ్ల మొలిస్తె కొందమన్నడు మీ బావ" అంది అక్క.

ఖాళీ గుంజలు లెక్కపెట్టాను, నాలుగు. బావ మాత్రం ఉత్సాహంగా మడి దగ్గరికి తీసుకెళ్లాడు. నేలంతా సున్నంతో తెల్లగా ఉంది, పరక లేదు. పక్క మడి జహంగీర్ భాయ్‌ది. ఆయన పార పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు.

"మల్లయ్య చేసినట్టే నేను గిట్ల చెక్కుదామనుకున్న. మీరొస్తున్రని ఆగిన. జర సూసి చెప్పుర్రి" అన్నాడు.

ఆయన మడిలోంచి బావ నాలుగు పురుగులు తీసి బకెట్ నీళ్లలో వేశాడు. "సూడు, మొఖం పైకి పెట్టి మనల్నెట్ల సూస్తుందో!" నిజంగానే ఆ రెండు నల్లచుక్కల కొస నీటిపైకి తేలి ఉంది, కొమ్ములు విచ్చుకున్నాయి. ఎవరికైనా అది మొహమనే తోస్తుంది.

ఒకదాన్ని అరచేతిలో వేసుకుని అద్దం పెట్టాను. అవి కళ్లు కావు, ఊపిరి పీల్చే రంధ్రాలు. చుట్టూ ఉన్న ఆరు కొమ్ములూ మెత్తని కండ. అది తోక! రెండో కొసను మెల్లగా నొక్కితే మెడ తోలులోంచి చిన్న నల్లటి తల బయటికొచ్చి, మళ్లీ లోపలికి దూరింది. పల్చటి పొట్ట చర్మం కింద కుళ్లిన ఆకుల నలుపు కనిపించింది. బురదలో నిలువుగా పొడుచుకుని, రెక్కలొచ్చాక పురుగులు విడిచిన ఖాళీ పొరలున్నాయి, వాటిమీద పొడుగు కాళ్ల ఈగలు తూలుతున్నాయి. మనవాళ్లు పెద్ద దోమలనుకుంటారు గాని అవి కుట్టవు. ఈ పురుగులు వాటి పిల్లలు. వీటిలో వేళ్లు కొరికే జాతులూ ఉన్నాయి కాబట్టి జహంగీర్ భాయ్ మడిలో గడ్డి కుదురు పీకి చూశాను. వేళ్లకు ఒక్క గాటు లేదు. నీళ్లు నిలిచి మురిగిపోయాయి, అంతే. ఆ మురుగును తినడానికే ఇవి చేరాయి.

"చెక్కకు భాయ్. కాలువ తీసి నీళ్లు పోనియ్యి, గడ్డి తేరుకుంటుంది" అన్నాను.

జహంగీర్ భాయ్ పార దించాడు. బావ తన తెల్లటి మడి వైపు తిరిగాడు.

"మరి నాది?"

"నీది కూడా అట్లనే చేస్తే సరిపోయేది బావా."

అతను తిట్టి ఉంటే బాగుండేది. బకెట్ నీళ్లు పారబోసి, "నడువు, అన్నం తిందువు" అన్నాడు.

అక్క వడ్డిస్తూ కళ్లు తుడుచుకుంది. "తప్పు మాదే తమ్మీ. తలకాయ ఏదో, తోక ఏదో ఎరుక లేక ఉల్టా రాయిస్తిమి. సదువుకున్నోనివి, నువ్వేం జేస్తవ్?"

ఒక పురుగును సీసాలో వేసి పంపమని అడగనిది నేను. ఆ మాట అనడానికి సిగ్గు అడ్డొచ్చింది. పెరుగన్నం కలుపుకుని తిన్నాను. రాత్రి అక్కడే పడుకుని మర్నాడు పొద్దున్నే బయలుదేరాను. అప్పుడూ చెప్పలేదు.

రైల్లో ఈసారి చోటు దొరికింది, కిటికీ పక్కనే. పాతబస్తీ అందం గురించి రాయాలనుకున్నవేవీ గుర్తు లేవు. సికింద్రాబాదులో ఇంజను మార్చాలని బండి గంటసేపు ఆపారు. దిగి వెనక్కి వెళ్లి, తప్పు నాది అక్కా అని చెప్పి రావడానికి సాయంత్రం ఇంకో బండి కూడా ఉంది. నేను దిగలేదు.