పాప చెయ్యి పడిన తువ్వాలు

తొంభైల నాటి మాట. మా ఆయన గుడివాడ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు. ఒక వేసవిలో, ఆరేళ్ల మా పాప చెయ్యిని తెల్ల తువ్వాలు మీద ఎండతో అచ్చు వేశారు.

వంటగది తలుపులన్నీ మూయించి, గుడ్డకి ఏదో ఇనుప మందు పూసి చీకట్లో ఆరబెట్టారు. మర్నాడు డాబా మీద గుడ్డ పరిచి, దానిమీద పాప చెయ్యి పెట్టించారు. "ఎండ తగిలినచోట ఇనుము క్షయకరణం చెందుతుంది. నీళ్లలో ముంచితే నీలం తేలుతుంది" అన్నారు.

"ఇంట్లో కూడా క్లాసేనా మహానుభావా! పిల్ల మాడిపోతోంది" అని గొడుగు పట్టబోయాను.

"ఎండకి అడ్డం రాకు!" అని కసిరారు.

పది నిమిషాలు కదలకుండా ఉండటం దానివల్ల అవుతుందా! చిటికెన వేలు రెండుగా పడింది. కుళాయి నీళ్లలో ముంచగానే పసుపు దిగిపోయి, నీలం మధ్య తెల్లటి చిన్న చెయ్యి తేలింది. "సోడా మాత్రం తగలనివ్వకు. పోయిందంటే ఇక రాదు" అని నాకు మరీ మరీ చెప్పారు.

వానాకాలంలో పాపకి మెదడువాపు జ్వరం వచ్చింది. బందరు ఆసుపత్రిలో మూడు రోజులున్నాం. నాలుగో రోజు ఇద్దరమే చేతులూపుకుంటూ ఇంటికొచ్చాం.

తువ్వాలుని కిటికీ ఎదురుగా గోడకి కొట్టించాను. ఏడాది తిరిగేసరికి వెలిసిపోయింది.

"ఎండకి వెలిసింది. నాలుగు రోజులు బీరువాలో పెట్టు, చీకట్లో నీలం మళ్లీ వస్తుంది" అన్నారాయన.

నాకు ఒళ్లు మండింది. "ఒకసారి మట్టిలో పెట్టొచ్చారు, చాల్లేదా? మళ్లీ చీకట్లో పెట్టమంటారా?" అని అరిచాను.

నేను మొండిదాన్ని. దుమ్ముకి మాసిందంతే అనుకున్నాను. ఆయన ఇంట్లో లేనప్పుడు తీసి, తెల్లబట్టలతోపాటు సోడా నీళ్లలో నానేశాను. తెల్లవి ఉతకాలంటే నా చేతికి తెలిసింది అదొక్కటే. ఆయన మాట అప్పుడెందుకు గుర్తుకు రాలేదో దేవుడికే తెలియాలి. పైకి తీస్తే గుడ్డంతా లేత పసుపు. చెయ్యి లేదు. పిచ్చిదానిలా నీలిమందు కలిపి ముంచాను. గుడ్డంతా ఒకేలా నీలమైంది.

సాయంత్రం ఆయన వచ్చి చూశారు. తిడితే బాగుండేది. మడతపెట్టి బీరువా అడుగున పెట్టి, "చీకట్లో ఉండనీ. వస్తుందిలే" అన్నారు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం బీరువా తీసి, తువ్వాలు విప్పి, చిటికెన వేలు ఉండాల్సిన చోట బొటనవేలితో రాసేవారు. ఇక రాదని ఇద్దరికీ తెలుసు. అయినా వంటింట్లోంచే అడిగేదాన్ని, "వచ్చిందా అండీ?" అని.

"ఇంకా లేదు" అనేవారు.