ఓడ మీద నుంచి వచ్చిన నా పేరు

మా చిన్నప్పుడు... కలకత్తా ఓడరేవు పక్కన గార్డెన్ రీచ్ బస్తీలో మా నాయనమ్మ కుళాయి దగ్గర నిలబడి "ఈరమ్మా..." అని కేకేస్తే డాక్ గేటు దాకా వినిపించేది. బడి హాజరులో నేను ఐరీన్‌ని. ఎర్రజెండా ఊరేగింపులకు వెళ్ళే పక్కింటి బెంగాలీ బాబాయి, మేం 'కాకు' అనేవాళ్ళం, ఆయన మాత్రం, రష్యావాళ్ళ అమ్మాయిని పిలిచినట్టు "ఇరీనా" అనేవాడు.

అసలు పేరు ఇరిని. నేను పుట్టడానికి కొద్ది రోజుల ముందు, నాన్న ఓడలో సరుకు దింపుతూ కాలుజారి నీళ్ళలో పడ్డారట. ఆ ఓడ మీది గ్రీకు నావికుడు దూకి పైకి లాగాడట. ఓడ మీద రాసిన పేరేమిటని నాన్న సైగ చేస్తే, "ఇరిని" అని చెప్పి, పైకి చూసి దణ్ణం పెట్టాడట... తమ దేవత అన్నట్టు. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా ఇంట్లో అలా గ్రీకు దేవత వెలసింది.

నాలుగో తరగతిలో కొత్త దిదిమణి, అంటే మా టీచరమ్మ, హాజరు పిలుస్తూ ఆగింది. "తండ్రి పేరు అప్పన్న... నువ్వేమో ఐరీన్! ఎవరు పెట్టారీ పేరు?"

"అది ఓడ పేరు, దిదిమణీ" అన్నాను.

అంతే... క్లాసంతా ఘొల్లుమంది. ఆ రోజంతా నేను కనిపిస్తే చాలు, "భోం..." అని ఓడ కూత.

ఇంటికొచ్చి సంచి విసిరేసి ఏడ్చాను. నాన్న అంతా విన్నారు.

మర్నాడు పని మానేసి, పెళ్ళిళ్ళకు తొడిగే చొక్కా వేసుకుని నాతో బడికొచ్చారు. క్లాసు ముందు చేతులు కట్టుకుని, వచ్చీరాని బెంగాలీలో ఆనాడు ఓడ దగ్గర జరిగిందంతా చెప్పారు. అది దేవత పేరే అన్నారు.

"ఏ దేవత?" అని మామూలుగానే అడిగింది దిదిమణి.

నాన్నకు తెలియదు. తల గోక్కుంటూ నవ్వారు. వెనక బెంచీలో మళ్ళీ కిసకిసలు... నా చెవులు కాలిపోయాయి.

ఆవిడ వాళ్ళని కసిరి, "గ్రీకుల శాంతి దేవత" అంది మెల్లగా. నాన్న గుమ్మం దాటాక కూడా నేను తలెత్తలేదు.

సాయంత్రం నాన్న బడి గేటు దగ్గర నిలబడి ఉన్నారు.

"సదువులేనోణ్ణి... నీకు సిగ్గయిపోనాదేటమ్మా? పేరు మార్సీమంటావా?"

ఆ గొంతులో నాకంటే ఎక్కువ సిగ్గు...

"వద్దు నాన్నా" అని ఆయన వేలు పట్టుకున్నాను. అయినా చాన్నాళ్ళు హాజరు మాత్రం గొణుగుతూనే పలికాను.

ఇప్పుడు నాన్న లేరు. డాకుల్లో పెద్దపెద్ద ఇనుప పెట్టెలు, వాటిని దించే యంత్రాలు... నావికుడూ కూలీ ఎదురుపడేదే తక్కువ. పిల్లల పేర్లు ఫోనులో వెతికి పెట్టుకుంటున్నాం.

మీ పేరు విని కూడా ఎవరైనా నవ్వారా? ఆ పేరు పెట్టినవాళ్ళు అప్పుడు మీ ఎదురుగానే ఉన్నారా...?