పోటు లేని నీళ్ళు

మెర్విన్ డోహర్టీ నలభై ఏడేళ్ళు టాస్మేనియా దక్షిణపు కొసన సముద్రంలో పెద్ద రొయ్యలు పట్టాడు. ఆ నలభై ఏడేళ్ళలో రెండు పక్కటెముకలు విరగ్గొట్టుకున్నాడు, భార్యను పోగొట్టుకున్నాడు, పడవను మాత్రం ఒక్కసారీ పోగొట్టుకోలేదు. ఆ సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా చెప్పేవాడు.

మోకాళ్ళు మొరాయించాక, కొండల మీద ఉన్న కూతురు లినెట్ ఇంటికి చేరాడు. చేరిన నెలలోనే పొయ్యి మీద గిన్నె మాడ్చాడు. మరో రోజు తన ట్రక్కు ఎక్కడ పెట్టాడో గుర్తురాక ఊరంతా తిరిగాడు. లినెట్ ఆస్పత్రిలో నర్సు, ఇలాంటి మతిమరుపు ఎటు దారితీస్తుందో కళ్ళారా చూసిన మనిషి. ట్రక్కు తాళంచెవి తీసుకుని తన దగ్గర పెట్టుకుంది.

ఆమె కూతురు బ్రైడీకి తొమ్మిదేళ్ళు. తాతతో చేపలకు వెళ్తానని మూడు వారాలు తల్లి ప్రాణం తీసింది. చివరికి ఒక శనివారం పొద్దున్న లినెట్ తాళం తండ్రి చేతిలో పెట్టింది.

"మూడింటికల్లా ఇంట్లో ఉండాలి నాన్నా. ఏదైనా తేడా వచ్చిందా, ఇక ఈ తాళం మాట ఎత్తొద్దు. పిల్ల మాట అసలే ఎత్తొద్దు."

కెటిల్ సరస్సును మెర్విన్ అంతకుముందు చూడలేదు. కరెంటు కోసం నదికి అడ్డుకట్ట వేసి నిలిపిన నీళ్ళు అవి. ఒడ్డున నిలబడి పెదవి విరిచాడు.

"ఇదా? మా రేవులో బురదగుంట నయం."

"ముందు చేప పట్టు తాతా, తర్వాత మాట్లాడుదువు."

చిన్న పడవలో అవతలి ఒడ్డు వైపు వెళ్ళారు. అటు దారి లేదు, ఇల్లు లేదు, ఫోన్ పలకదు. మధ్యాహ్నానికి బ్రైడీ రెండు ట్రౌట్ చేపలు పట్టింది, మెర్విన్ ఒక చెట్టుకొమ్మను పట్టాడు. తినడానికి దిగినప్పుడు పడవ ముక్కును గులకరాళ్ళ మీదికి లాగి, అలవాటు కొద్దీ తాడు చేతిలోకి తీసుకున్నాడు. అంతలోనే దాన్ని తిరిగి పడవలోకి విసిరేశాడు.

"ఇక్కడ పోటు వస్తుందా పాడా!"

గాలి తగలని చోటు చూసుకుని పైన బండల మధ్య కూర్చున్నారు. రొట్టె తినడానికి పావుగంట పట్టింది, తుఫానులో చిక్కుకున్న కథ చెప్పడానికి గంట పట్టింది.

తిరిగొచ్చేసరికి గులకరాళ్ళు కనిపించలేదు. నదికి ఎగువన ఇంకో డ్యామ్ ఉంది. అక్కడ నీళ్ళు వదిలితే ఈ సరస్సు మోకాలెత్తు పెరుగుతుంది. ఆ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతే. పడవ పదిహేను అడుగుల దూరంలో తేలుతోంది.

మెర్విన్‌కు కూతురి మాట గుర్తొచ్చింది. సముద్రంలో కూడా అంత భయం ఎరగడు.

"అయిపోయింది," అన్నాడు.

"ఏమైపోయింది?" అంటూ బ్రైడీ నీళ్ళలో సగం మునిగిన మోడు దగ్గరికి నడిచి తాడు లాగింది. పడవ బుద్ధిగా ఒడ్డుకొచ్చింది. మోడుకు వేసిన ముడి, వానలు పడ్డ వారమంతా వంటింటి కుర్చీ కాలికి కట్టించి మెర్విన్ దానికి నేర్పిందే.

"ఎప్పుడు కట్టావే?"

"నువ్వు ఫ్లాస్కు పట్టుకుని ముందు నడిచావుగా, అప్పుడు."

"నాతో చెప్పొచ్చుగా?"

"చెప్తే వింటావా? ఇంకో కథ మొదలెడతావు."

మూడింటికి పది నిమిషాల ముందే ఇల్లు చేరారు. లినెట్ చేపలను చూసింది, పిల్ల తడిసిన ప్యాంటును చూసింది.

"బ్రైడీ, తాత ఏమైనా మర్చిపోయాడా?"

పిల్లను తనకు తోడుగా కాదు, కాపలాగా పంపిందని మెర్విన్‌కు అప్పుడు అర్థమైంది. కోపం రాలేదు, సిగ్గేసింది. బ్రైడీ నేల చూపులు చూస్తోంది. దాని చేత అబద్ధం ఆడించడానికి అతనికి మనసొప్పలేదు.

"నేను పడవ కట్టలేదు. ఇది కట్టింది. లేకపోతే ఇప్పటికీ అవతలి ఒడ్డునే ఉండేవాళ్ళం."

లినెట్ మొహం పాలిపోయింది. "నువ్వా? పడవ కట్టడం మర్చిపోయావా నాన్నా?"

"మర్చిపోలేదమ్మా!" బ్రైడీ అడ్డుపడింది. "తాడు చేతిలోకి తీసుకుని మరీ పడేశాడు. ఇక్కడ పోటు వస్తుందా పాడా అన్నాడు."

"నిజమేనా నాన్నా?"

"నిజమే. నా పొగరు."

లినెట్ కుర్చీలో కూలబడింది. నవ్వో ఏడుపో, భుజాలు కదిలాయి.

"పొగరేనా! అది నేను పుట్టకముందు నుంచీ ఉన్నదేగా," అంది ముక్కు తుడుచుకుంటూ. అతను బల్ల మీద పెట్టబోయిన తాళాన్ని తిరిగి అతని జేబులోకే తోసింది. "వచ్చే శనివారం కూడా ముడి మాత్రం బ్రైడీయే వేస్తుంది."