దెయ్యం అడిగిన నీళ్ళు

పోయిన వారం భోజనాల దగ్గర మా చిన్నల్లుడు తన ఫోను నా ముందు పెట్టి, మీ దర్శి వైపు తీసిన పాత దెయ్యాల సినిమాని ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టారు మావయ్యా, దాని మీద ఒక కుర్రవాడు సమీక్ష కూడా రాశాడు చూడండి అన్నాడు. మామూలు పద్ధతిలోనే ఉంది అది, పైన ప్లస్ పాయింట్లు, కింద మైనస్ పాయింట్లు. నేను ముందు కిందవే చదివాను. నెత్తురు మరీ ఎక్కువైందట, పేగులు పత్తి కూరిన సైకిల్ ట్యూబుల్లా ఉన్నాయట, అర్ధరాత్రి అని చెప్పిన సన్నివేశాల్లో మనుషుల కాళ్ళ కింద నీడలు పడుతున్నాయట. అంతవరకూ నాకూ నవ్వే వచ్చింది, ఎందుకంటే అవి నిజంగానే పత్తి కూరిన సైకిల్ ట్యూబులు. చివరి పాయింటు ఒకటి మిగిలి ఉండగానే పైకి వెళ్ళాను, అక్కడ ఒళ్ళు మండిపోయింది. పొగాకు బ్యారన్ ముందు దెయ్యం నీళ్ళు నీళ్ళు అని అరిచే సన్నివేశమే ఈ సినిమాకి ప్రాణమట, ఆ నటి ఎవరో తెలియదు గానీ మహా సహజంగా చేసిందట.

ఆ నటి మా చిన్నత్త, మా నాన్నగారి ఆఖరి చెల్లెలు. ఆమె చేసింది నటన కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన ఆ కొత్తల్లో కెమెరా చేతికొచ్చిన ప్రతివాడూ సినిమా తీస్తానని బయలుదేరడం మన వయసు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మా ఊరికి వచ్చినాయన తాడేపల్లి వైపు పెళ్ళి వీడియోలు తీసుకునేవాడు. జనరేటరు పెట్టుకునే స్తోమత లేక రాత్రి సన్నివేశాలన్నీ మిట్టమధ్యాహ్నమే తీసి, తర్వాత నీలం రంగు వేస్తే రాత్రయిపోతుందని మాకు నమ్మకంగా చెప్పాడు. ఊరి చివర పాడుబడిన పొగాకు బ్యారన్, అంటే ఆకు కాల్చి ఆరబెట్టే కొట్టం, దొరకడం అతని అదృష్టం. పొగచూరిన ఆ గోడల్ని చూస్తే నిజంగానే గుండె జారేది, అది మాత్రం ఆ సినిమాలో మంచి విషయమని ఇప్పటికీ ఒప్పుకుంటాను.

మా చిన్నత్త పద్యనాటకాల మనిషి. ఇరవై ఏళ్ళు వేదికలెక్కింది, ఆమె రాగం తీస్తే పత్తి చేలల్లో నుంచి వచ్చిన అలసట మర్చిపోయి జనం కూర్చునేవారు. ఇంటింటికీ టీవీ వచ్చాక నాటకం ఆడించేవాళ్ళే లేకపోయారు. దెయ్యం వేషం వేస్తే తెర మీద నీ పేరొక్కటే విడిగా పడుతుందని ఆ పెళ్ళి వీడియోల పెద్దమనిషి మాటిచ్చాడు. ఆ ఒక్క పేరు కోసమే ఆమె ఒప్పుకుంది.

ఇక నెత్తురు సంగతి. మొదట పంచదార పాకంలో రంగు కలిపారు, చీమలు పట్టాయి, పైగా అది చూడటానికి షర్బత్‌లా ఉంది. అప్పటికి నేను పదేళ్ళుగా కారం మిల్లులో పనిచేస్తున్నాను, మిరపకాయ చేతిలోకి తీసుకుంటే దాని రంగు ఎంతో చెప్పగలనని పొగరు నాకు. బ్యాడిగ కాయకి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ కదా అని, గింజలు తీసేసి తోలు మాత్రం ఆడించి, నూనెలో నానబెట్టి పాకంలో కలిపాను. అచ్చం నెత్తురే. మణికట్టు మీద రాసుకున్నాను, నాలుక మీద వేసుకున్నాను, కంటి కింద కూడా పూసుకున్నాను, చురుక్కుమనలేదు. పదేళ్ళు కారంలో బతికినవాడి చర్మానికి మంట తెలియడం ఎప్పుడో మానేసిందని, అది చూడాల్సింది నా ఒంటి మీద కాదని నాకు తట్టలేదు. నెత్తి మీద పోసేముందు అక్కడివాళ్ళు సందేహిస్తే, మా అత్తే వాళ్ళని కసిరింది.

"మండదంటే మండదు, మా వాడు చెప్పాడుగా, పొయ్యండి."

పోశారు. రెండు అంగలు వేసిందో లేదో కళ్ళు నులుముకుంటూ నేల మీద పడింది, నీళ్ళు, నీళ్ళు అని అరిచింది. షాటు అయ్యాక మొహం కడుక్కోవడానికని బోరింగు నుంచి బిందెడు నీళ్ళు పట్టుకొచ్చి నేను పక్కనే నిలబడి ఉన్నాను. కదలబోతే ఆ పెద్దమనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగండి, బ్రహ్మాండంగా వస్తోంది, ఎవరూ కదలొద్దు" అన్నాడు. మేమంతా ఆగాం. నేనూ ఆగాను. ఎంతసేపో చెప్పలేను, అతను చెయ్యి దించేదాకా.

నలిపి నలిపి ఎడమ కంటి నల్లగుడ్డు గీసుకుపోయిందని డాక్టరుగారు అన్నారు. తర్వాత ఆ కంట్లో తెల్లగా పువ్వేసి చూపు మూసుకుపోయింది. ఈమధ్య రెండో కన్ను కూడా మసకేసింది. ఆ మహానుభావుడు మాత్రం ఆ అరుపు వృథా కానివ్వకుండా, దెయ్యం బతికున్నప్పుడు దాహంతో చచ్చిపోయిందని కథే మార్చుకున్నాడు. సినిమా దర్శిలో ఆడినప్పుడు కంటికి వెలుతురు పడక అత్త ఇంట్లోనే ఉండిపోయింది, మిగతా మా వాళ్ళంతా ట్రాక్టరు కట్టుకుని వెళ్ళాం. అందరి పేర్లూ పడ్డాయి, టీలు అందించినతని పేరుతో సహా. ఆమె పేరు లేదు. నిలదీస్తే, దెయ్యం ఎవరో తెలిస్తే జనం భయపడరండీ అన్నాడు. అప్పుడే అతని చొక్కా పట్టుకోవలసింది. ఇన్నేళ్ళకి కూడా నా చేతులు అందుకే దురదపెడుతున్నాయి.

మొన్న ఆ ఫోను తీసుకుని అత్త దగ్గరికి వెళ్ళి సమీక్ష చదివి వినిపించాను. సహజంగా చేసిందన్న మాట రెండుసార్లు చదివించుకుంది. పేరు రాశాడా అని అడిగింది. తెలియదట అత్తా అన్నాను. కింద మైనస్ పాయింట్లు కూడా చదవమంది. నెత్తురు, పేగులు, నీడలు విని చిన్నగా నవ్వింది. అప్పుడే నేను వదిలేసిన ఆ చివరి మైనస్ పాయింటు నా కంట పడింది. దెయ్యం నీళ్ళ కోసం అరుస్తుంటే వెనకాల ఒక మనిషి నిండు బిందె పట్టుకుని బొమ్మలా నిలబడి ఉన్నాడు, దర్శకుడు చూసుకోలేదు, నవ్వు ఆగదు, అని రాశాడు.

"ఇంకేమన్నా రాశాడా అబ్బాయ్?" అంది అత్త.

అంతే అత్తా, అయిపోయింది అన్నాను.

షూటింగు జరిగిన ఆ మధ్యాహ్నం ఆమె కళ్ళు మూసుకునే ఉంది. నీళ్ళు తనకి పది అడుగుల దూరంలో, నా చేతిలోనే ఉన్నాయని ఆమెకి ఈనాటికీ తెలియదు. ఇప్పుడు మిల్లుల్లో మూతికి గుడ్డ కట్టుకోనివాణ్ణి లోపలికి రానివ్వడం లేదు. ఆ బ్యారన్ ఉన్నచోట ప్లాట్లు వేశారు. ఆ రోజుల్లో సినిమా నాలుగు రోజులాడి పెట్టెలోకి పోయేది, మనం చేసిన తప్పులు కూడా దానితోపాటే పోయేవి. ఇప్పుడేదీ పోవడం లేదు. ఎవరు ఎప్పుడు నొక్కినా ఆమె అరుస్తూనే ఉంటుంది, నేను బిందె పట్టుకుని నిలబడే ఉంటాను.